టెస్ట్ పాస్ అయింది సరే, చూసిందెవరు?

ఈ ఎపిసోడ్ పాలకాయతిప్ప నుంచి. హంసలదీవి పక్కన, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. వీడియోలో గాలి హోరు ఎక్కువైంది, మాట సరిగ్గా వినపడట్లేదని చాలామంది కామెంట్ చేశారు. అందుకే మొత్తం టెక్స్ట్ ఇక్కడ పెడుతున్నాం. అక్కడక్కడా మాట సరిచేశాం తప్ప, విషయం అదే.

పోయిన ఎపిసోడ్ కింద ఒక తమ్ముడు మంచి ప్రశ్న అడిగాడు. "అన్నా, ఓపెన్ సోర్స్‌లో కోడ్ ఎవరైనా రాయొచ్చంటావు. మరి అది సరిగ్గా ఉందో లేదో చూసేదెవరు?" అని. ఒక్క లైన్లో జవాబు చెప్పి వదిలేసే ప్రశ్న కాదిది. ఈరోజు మొత్తం దీని మీదే మాట్లాడుకుందాం. చివర్లో మీరు చేయగలిగిన పని ఒకటి చెప్తాను. కోడింగ్ రాకపోయినా పర్లేదు, తెలుగు చదవడం వస్తే చాలు.

ముందు ప్యాకేజీ అంటే ఏంటి

మా దివిసీమ వాళ్లకి వడ్ల లెక్కలో చెప్తే తొందరగా అర్థమవుతుంది. రైతు పండిస్తాడు. కానీ చేలో ఉన్న వడ్లు నేరుగా మన కంచంలోకి రావు కదా. ఎండబెట్టాలి, మిల్లుకి తోలాలి, ఆడించాలి, బస్తాకెత్తాలి. సాఫ్ట్‌వేర్ కూడా అంతే. ప్రోగ్రామ్ రాసేవాళ్లు రైతులు. వాళ్లని అప్‌స్ట్రీమ్ అంటారు. ఆ కోడ్ తీసుకుని, మన సిస్టమ్‌లో ఒక్క కమాండ్‌తో ఇన్‌స్టాల్ అయ్యేలా బస్తాకెత్తే మనిషే ప్యాకేజీ మెయింటైనర్. డెబియన్, ఫెడోరా, ఉబుంటు లాంటి వాటిని డిస్ట్రిబ్యూషన్లు అంటారు. అవి పెద్ద గోదాములనుకోండి. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో 64 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. వాటిని చూసుకునేవాళ్లలో ఎక్కువమంది వాలంటీర్లే. పగలు ఉద్యోగం, రాత్రి ఈ పని.

"మాకు లైనక్స్ లేదన్నా, ఫోన్ ఒక్కటే ఉంది" అంటారేమో. మీ ఫోన్‌లో ఆండ్రాయిడ్ ఉంటే దాని అడుగున ఉన్నది లైనక్స్ కెర్నలే. మీరు చూసే ప్రతి వెబ్‌సైట్ వెనకున్న సర్వర్లలో ఎక్కువ భాగం నడిచేది ఈ గోదాముల సరుకు మీదే. స్క్రీన్ మీద తెలుగు అక్షరాలని పేర్చేది కూడా చాలాచోట్ల హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ అన్నీ దాన్నే వాడతాయి. క కింద ష వత్తు వచ్చినప్పుడు క్ష అని కలిపి చూపించాలని కంప్యూటర్‌కి పుట్టుకతో తెలీదు. ఎవరో రాశారు, ఎవరో చూశారు, అందుకే ఈ పేజీ మీరు చదవగలుగుతున్నారు.

తేమ శాతం 17

ఇప్పుడు టెస్టింగ్ పాలసీ అంటే ఏంటో చూద్దాం. మళ్లీ వడ్ల దగ్గరికే వెళ్దాం. మద్దతు ధరకి ధాన్యం కొనాలంటే తేమ 17 శాతం దాటకూడదు. కొనుగోలు కేంద్రంలో మెషీన్ పెట్టి చూస్తారు. ఎంత ఉండాలో ముందే రాసుంది. ఎవరు చూడాలో రాసుంది. దాటితే ఏం చేయాలో రాసుంది. పాలసీ అంటే ఇదే. "బాగా ఎండబెట్టండి" అనేది సలహా. "17 దాటితే తీసుకోం" అనేది పాలసీ.

మన రైతులకి ఇంకో సంగతి కూడా బాగా తెలుసు. ఇక్కడి మెషీన్ ఒక అంకె చూపిస్తుంది, మిల్లు దగ్గర మెషీన్ ఇంకో అంకె చూపిస్తుంది. అప్పుడు గొడవ వడ్ల మీద కాదు, మీటర్ మీద. సాఫ్ట్‌వేర్‌లో కూడా ఒకసారి పాసై, అదే కోడ్‌తో ఇంకోసారి ఫెయిలయ్యే టెస్టులుంటాయి. ఫ్లేకీ టెస్టులంటారు. వాటితో పెద్ద ప్రమాదం ఏంటంటే, నాలుగుసార్లు ఉత్తినే ఫెయిలైన టెస్ట్ అయిదోసారి నిజంగానే ఫెయిలైనా ఎవరూ పట్టించుకోరు. "ఆ, దానికి మామూలే" అనేసి ముందుకెళ్లిపోతారు.

కాబట్టి ఏ ప్రాజెక్ట్ టెస్టింగ్ పాలసీ చూసినా నేను మూడు ప్రశ్నలేస్తాను. ఏం చూస్తున్నారు? ఎన్నాళ్లు ఆగుతున్నారు? ఆపే హక్కు ఎవరికుంది? ఈ మూడు గుర్తుపెట్టుకోండి.

డెబియన్ దారి

డెబియన్‌లో మెయింటైనర్ కొత్త వెర్షన్ అప్‌లోడ్ చేయగానే అది ముందు అన్‌స్టేబుల్‌కి వెళ్తుంది. దాని ముద్దుపేరు సిడ్. టాయ్ స్టోరీ సినిమాలో బొమ్మలు విరగ్గొట్టే పిల్లాడి పేరు అది. డెబియన్ వాళ్ల రిలీజ్ పేర్లన్నీ ఆ సినిమా సిరీస్ పాత్రలవే. ఎప్పుడూ విరిగే అవకాశమున్న చోటికి ఆ పిల్లాడి పేరే పెట్టారు.

సిడ్‌లోంచి టెస్టింగ్ అనే రెండో మెట్టు ఎక్కాలంటే మామూలుగా 5 రోజులు ఆగాలి. తొందరలేని అప్‌డేట్ అని మెయింటైనర్ రాస్తే 10 రోజులు, అర్జెంట్ అయితే 2 రోజులు. ఆ గ్యాప్‌లో మెషీన్లు వాటి పని అవి చేస్తుంటాయి. పైయూపార్ట్స్ అనే టూల్ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసి, అప్‌గ్రేడ్ చేసి, తీసేసి చూస్తుంది. తీసేశాక చెత్త మిగిలిందా అని వెతుకుతుంది. ఆటోప్యాకేజ్‌టెస్ట్ అని ఇంకోటుంది. దాని ఆలోచన నాకు బాగా నచ్చుతుంది. మిల్లులో బియ్యం చూసి బాగున్నాయనడం వేరు, ఇంటికి తెచ్చి వండి చూడటం వేరు కదా. ఇది వండి చూసే టెస్ట్. ప్యాకేజీని శుభ్రమైన సిస్టమ్‌లో, యూజర్ ఇన్‌స్టాల్ చేసుకున్నట్టే ఇన్‌స్టాల్ చేసి నడిపిస్తుంది. అంతటితో ఆగదు. మీ ప్యాకేజీ మీద ఆధారపడ్డ వేరేవాళ్ల ప్యాకేజీల టెస్టులు కూడా నడిపిస్తుంది. మీ మార్పు వల్ల పక్కవాడిది విరిగితే మీది ఆగిపోతుంది. ఊరి కాలవకి అడ్డుకట్ట వేసేముందు కింది పొలాల వాళ్లని అడగడం లాంటిది.

మరి ఆపే హక్కు? అది యూజర్‌కీ ఉంది. ఎవరైనా ఈమెయిల్ పంపి బగ్ రిపోర్ట్ చేయొచ్చు. అది రిలీజ్‌ని ఆపేంత పెద్ద బగ్ అని నమోదైతే, పరిష్కారం అయ్యేదాకా ఆ వెర్షన్ పై మెట్టు ఎక్కదు.

ఆ తర్వాత రిలీజ్ ముందు ఫ్రీజ్ అని వస్తుంది. ఇక్కడి వాళ్లకి ఇది కొత్తేం కాదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం ఉంటుంది కదా. బోట్లు ఒడ్డున ఉంటాయి. ఆ రెండు నెలల్లో ఇంజన్ విప్పుతారు, చెక్కకి రిపేరు చేస్తారు, వలలు కుట్టుకుంటారు. ఫ్రీజ్ కూడా అలాంటిదే. కొత్త ఫీచర్లు తీసుకోరు, ఉన్నవాటిని బాగుచేసుకోవడమే.

ఫెడోరా కర్మ

ఫెడోరా వాళ్ల పద్ధతి వేరు. వాళ్ల అప్‌డేట్ సిస్టమ్ పేరు బోధి. అందులో పాయింట్లని ఏమంటారో తెలుసా? కర్మ! జోక్ కాదు, నిజంగా అదే పేరు. మెయింటైనర్ ఒక అప్‌డేట్ పెడితే అది ముందు టెస్టింగ్ విభాగంలో ఉంటుంది. ఫెడోరా అకౌంట్ ఉన్నవాళ్లు దాన్ని ఇన్‌స్టాల్ చేసుకుని, బాగుంటే ప్లస్ వన్, విరిగితే మైనస్ వన్ ఇస్తారు. కావాల్సినంత కర్మ వస్తే ముందే వెళ్లిపోతుంది. ఎవరూ ఏమీ అనకపోతే మామూలు ప్యాకేజీ 7 రోజులు, సిస్టమ్ బూట్ అవడానికి అవసరమైన కీలక ప్యాకేజీలైతే 14 రోజులు ఆగాలి.

ఇక్కడ "ఎవరూ ఏమీ అనకపోతే" అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. 7 రోజులు గడిచాయి, ఎవరూ మైనస్ ఇవ్వలేదు. దానర్థం బాగుందనా? లేక ఎవరూ చూడలేదనా? సిస్టమ్‌కి ఆ రెండిటికీ తేడా తెలీదు. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, టెస్టింగ్‌లో మౌనం పూర్తి అంగీకారమే. బాగా వాడకంలో ఉన్న ప్యాకేజీ అయితే ఎవరో ఒకరు అరుస్తారు. తెలుగు ఫాంటో, తెలుగు కీబోర్డో అయితే ఎవరు అరుస్తారు?

ఈ ప్రశ్నని ఇక్కడ ఉంచి, నిజంగా జరిగిన మూడు సంఘటనలు చెప్తాను. మూడిట్లోనూ టెస్టులున్నాయి. అయినా దెబ్బ తగిలింది.

ఒకటి: రెండు లైన్లు

2006 సెప్టెంబర్. డెబియన్‌లో ఓపెన్ఎస్ఎస్ఎల్ ప్యాకేజీ. ఇంటర్నెట్‌లో రహస్యంగా మాట్లాడుకోవడానికి తాళాలు తయారుచేసే లైబ్రరీ అది. వాల్‌గ్రైండ్ అనే చెకింగ్ టూల్ ఒక వార్నింగ్ ఇస్తోంది. ఫలానా చోట విలువ పెట్టని మెమరీని చదువుతున్నారు అని. మెయింటైనర్ ఆ వార్నింగ్ పోగొట్టాలనుకున్నారు. ఓపెన్ఎస్ఎస్ఎల్ వాళ్ల మెయిలింగ్ లిస్ట్‌లో అడిగారు కూడా. గట్టిగా వద్దన్నవాళ్లు లేరు. రెండు లైన్లు తీసేశారు.

ఆ రెండిట్లో ఒకటి, తాళం తయారీకి కావాల్సిన ర్యాండమ్ సరుకు కలిపే లైన్. అది పోయాక ర్యాండమ్‌గా మిగిలింది ప్రాసెస్ నంబర్ ఒక్కటే. అది గరిష్ఠంగా 32,768. అంటే కోటానుకోట్ల రకాలుగా ఉండాల్సిన తాళాలు, ఒక్కో రకంలో సుమారు 32 వేలకి పడిపోయాయి. ఒక కంప్యూటర్ కూర్చుని వరసపెట్టి ప్రయత్నిస్తే దొరికిపోతాయి. 2008 మే 13న బయటపెట్టేదాకా, అంటే ఏడాదిన్నర పైగా, ఉబుంటుతో సహా ఆ ప్యాకేజీ వాడినవన్నీ అలాగే నడిచాయి.

గమనించండి, ఆ ఏడాదిన్నరలో ఏదీ ఫెయిలవలేదు. తాళం తయారైంది, వేసుకుంది, తెరుచుకుంది. టెస్ట్ అడిగింది ఆ ఒక్క ప్రశ్నే. "ఈ తాళం ఇంకొకరి తాళంలా ఉందా?" అని అడగలేదు. బీటెక్ ప్రాబబిలిటీలో బర్త్‌డే ప్రాబ్లమ్ గుర్తుందా? ఒక గదిలో 23 మంది ఉంటే ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే ఛాన్స్ సగానికి పైనే. ఆ లెక్క ప్రకారం, వేర్వేరు మెషీన్లలో ఒక మూడొందల తాళాలు తయారుచేసి పక్కపక్కన పెట్టి చూసుంటే, రెండు ఒకేలా కనిపించే అవకాశం సగానికి మించి ఉండేది. చిన్న టెస్ట్. రాయాలన్న ఆలోచనే రాలేదు, అంతే.

మనం ఏం అడిగామో దానికే టెస్ట్ జవాబిస్తుంది. అడగని దానికి పచ్చ టిక్కే పెడుతుంది.

రెండు: అర సెకను

2024 మార్చి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్. తన డెబియన్ అన్‌స్టేబుల్ మెషీన్ మీద వేగం కొలిచే పని చేసుకుంటున్నారు. లాగిన్ అవ్వడానికి అర సెకను ఎక్కువ పడుతోంది. మనమైతే వైఫై స్లో అనుకుంటాం. ఆయన తవ్వారు. తవ్వితే బయటపడింది ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో ఎవరో దాచిన దొంగ తలుపు. 5.6.0, 5.6.1 వెర్షన్లలో.

ఎక్కడ దాచారో తెలుసా? టెస్ట్ ఫైళ్లలో. కంప్రెషన్ లైబ్రరీకి పాడైపోయిన ఫైళ్లతో టెస్ట్ చేయడం అవసరమే. పాడైన జిప్ ఇస్తే క్రాష్ అవ్వకుండా మర్యాదగా ఎర్రర్ ఇస్తుందా లేదా చూడాలి. కాబట్టి ఆ ఫోల్డర్‌లో అర్థంకాని బైనరీ ఫైళ్లుంటే ఎవరికీ అనుమానం రాదు. కాపలా పెట్టిన చోటే దొంగ దాక్కున్నాడు.

ఆ లైబ్రరీని ఏళ్లుగా చూసుకుంటున్నది దాదాపు ఒక్క మనిషి. జీతం లేదు. అలసిపోయానని, ఆరోగ్యం బాగాలేదని ఆయన బయటికే చెప్పుకున్నారు. త్వరగా చెయ్యి, వేరేవాళ్లకి అప్పగించు అని ఒత్తిడి చేసిన అకౌంట్లు కొన్ని. సాయం చేస్తానని రెండేళ్లకి పైగా ఓపిగ్గా పనిచేసి నమ్మకం సంపాదించిన అకౌంట్ ఒకటి. ఆ నమ్మకంతోనే తలుపు పెట్టారు.

మరి పాలసీ ఫెయిలయిందా? సగం అవును, సగం కాదు. డెబియన్ అన్‌స్టేబుల్, టెస్టింగ్, ఫెడోరా రాహైడ్ లాంటి ముందు మెట్లలోకి అది వచ్చేసింది. కానీ డెబియన్ స్టేబుల్‌కి ఎక్కలేదు. మెట్టు మెట్టుకీ ఆగాలన్న రూలే కాపాడింది. "లైనక్స్‌లో కొత్త వెర్షన్లు లేటుగా వస్తాయేంటి" అని విసుక్కుంటాం కదా, ఆ ఆలస్యమే ఇక్కడ రక్ష అయింది.

ఇంకో సంగతి. ఈ తలుపు బయటపడటానికి కొన్ని వారాల ముందే, పోస్ట్‌గ్రెస్ ఆటోమేటిక్ టెస్టుల్లో ఒక వింత వార్నింగ్ ఫ్రాయిండ్ కంట్లో పడింది. ఏ టూల్ నుంచో ఊహించండి. వాల్‌గ్రైండ్! అదే టూల్. 2006లో ఆ వార్నింగ్‌ని నోరు మూయించారు, తాళాలు పాడయ్యాయి. 2024లో ఒక మనిషి ఆ వార్నింగ్‌ని బుర్రలో ఉంచుకున్నాడు, అర సెకను తేడా కనిపించగానే రెండూ కలిపి చూశాడు. మెషీన్ రెండుసార్లూ చెప్పింది. విన్న మనిషిలోనే తేడా అంతా.

మూడు: మన జ్ఞా

ఇది మన కథ. 2018 ఫిబ్రవరి. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లకి ఒక తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే యాప్ ఢమాల్. తెరిచిన ప్రతిసారీ మూసుకుపోయేది. నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే కుప్పకూలేది. ఆ అక్షరం జ్ఞానంలో జ్ఞా. ప్రపంచమంతా న్యూస్ అయింది. ట్విట్టర్‌లో జనం ఆకతాయితనానికి తమ పేర్లలో పెట్టుకున్నారు. ఫిబ్రవరి 19న యాపిల్ 11.2.6 వదిలి సరిచేసింది.

నిజానికి మనం మామూలుగా రాసే జ్ఞా తో ఏ ఇబ్బందీ లేదు. దాని మధ్యలో కనిపించని ఒక గుర్తు ఉంటేనే క్రాష్. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. "ఇదేదో మనకెందుకు" అనుకోకండి, మీరు రోజూ వాడతారు. "సాఫ్ట్‌వేర్" అని రాయాలంటే ట కింద వ వత్తు పడకుండా ఆపేది ఆ గుర్తే. అది లేకపోతే "సాఫ్ట్వేర్" అయిపోతుంది. ఫేస్‌బుక్, హార్డ్‌వేర్ అన్నిట్లో ఉంటుంది. ఇంగ్లిష్ పదాలు తెలుగులో రాసే ప్రతివాడి చేతిలోనూ ఉన్న గుర్తు అది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా అలాంటి కూర్పులతో అదే క్రాష్ వచ్చింది. బగ్ బయటపడింది తెలుగుతో కాబట్టి పేరు మాత్రం మనకొచ్చింది.

యాపిల్ ఆ కోడ్ ఓపెన్ సోర్స్ కాదు. అయినా ఎందుకు చెప్తున్నానంటే, మూసిపెట్టిన సాఫ్ట్‌వేర్‌లో మనం చేయగలిగింది అప్‌డేట్ కోసం ఎదురుచూడటమే. ఓపెన్ సోర్స్‌లో అయితే ఆ టెస్ట్ మనమే చేర్చొచ్చు. ఇందాక చెప్పిన హార్ఫ్‌బజ్ లైబ్రరీకి టెస్టుల ఫోల్డర్ ఉంది. అందులో ఒక లైన్ చేరితే, ఆ తర్వాత ఏ దేశంలో ఎవరు ఆ కోడ్ మార్చినా, తెలుగు రాకపోయినా, ఆ లైన్ వాళ్లని ఆపుతుంది. మనం నిద్రపోతున్నా మన తరఫున కాపలా కాసే లైన్ అది.

నేను ఉద్యోగం చేసిన ఒక చోట ఇలాంటిదే చూశాను. పేరు అనవసరం. యాప్‌లో తెలుగు పెట్టారు. టెస్టులన్నీ పచ్చ. కానీ ఫోన్‌లో చూస్తే బటన్ల మీద రాష్ట్రం, స్త్రీ లాంటి పదాల్లో అడుగు వత్తులు సగానికి తెగిపోతున్నాయి. కారణం సింపుల్. లైన్ ఎత్తు ఇంగ్లిష్ అక్షరాలకి సరిపడా పెట్టారు. టెస్ట్ చూసింది బటన్ మీద టెక్స్ట్ ఉందా లేదా అని మాత్రమే. ఉంది. సగం ఉంది. అది చదివే మనిషికి తప్ప మెషీన్‌కి తెలీదు.

ఇది అందానికి సంబంధించిన గొడవ కాదు

నేనిప్పుడు నిలబడ్డది దివిసీమలో. 1977 నవంబర్ 19 అంటే ఇక్కడ పెద్దవాళ్లకి ఎవరికీ తేదీ గుర్తుచేయక్కర్లేదు. ఆ ఉప్పెనలో పోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఇప్పుడు తుఫాను హెచ్చరిక ఫోన్‌కి వస్తుంది. 2023లో మన ఫోన్లన్నీ ఒక్కసారిగా గట్టిగా మోగాయి, గుర్తుందా? శాంపిల్ టెస్టింగ్ మెసేజ్, ఏమీ చేయక్కర్లేదు అని వచ్చింది. చాలామంది భయపడ్డారు, మీమ్స్ వేశారు. కానీ అది చాలా మంచి టెస్ట్. ఎందుకంటే అందులో చివరి మనిషి ఉన్నాడు. సర్వర్ నుంచి వెళ్లిందా అని కాదు, మీ చేతిలో మోగిందా అని చూశారు.

ఆ హెచ్చరిక తెలుగులో వచ్చినప్పుడు అక్షరాల బదులు డబ్బాలు కనపడితే? వత్తులు తెగి అంకెలు, ఊరిపేర్లు కలిసిపోతే? బెంగళూరులో అది చిరాకు. ఇక్కడ ఒడ్డున ఉన్న మనిషికి అది వేరే లెక్క.

ఇప్పుడు ఇందాక వదిలేసిన ప్రశ్నకి వద్దాం. తెలుగు ప్యాకేజీ విరిగితే ఎవరు అరుస్తారు? ఒక ఉదాహరణ చెప్తా. మండలి అని ఒక తెలుగు ఫాంట్ ఉంది. మన దివిసీమ మనిషి, 1975లో హైదరాబాద్‌లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకట కృష్ణారావు గారి పేరు పెట్టారు దానికి. సిలికానాంధ్ర వాళ్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద వదిలారు. గూగుల్ ఫాంట్స్‌లో ఉంది. డెబియన్‌లో ఫాంట్స్ తెలుగువిజయం అనే ప్యాకేజీలో మిగతా తెలుగు ఫాంట్లతో పాటు ఉంది. దాన్ని చూసుకునేది డెబియన్ ఫాంట్ల టీమ్. వాళ్లు ప్రపంచంలో ఉన్న లిపులన్నిటి ఫాంట్లూ చూడాలి. ఏ ఒక్క మనిషికీ అన్ని లిపులూ రావు కదా. ఫైల్ సరిగ్గా ఇన్‌స్టాల్ అయిందా, లైసెన్స్ ఉందా, ఏ అక్షరమైనా ఖాళీగా ఉందా, ఇవి మెషీన్ చూస్తుంది. క్ష్మి లో వత్తు సరైన చోట కూర్చుందా అనేది లక్ష్మి అని చదవగలిగిన మనిషే చూడాలి.

అందుకే నా అభిప్రాయం చెప్తా, ఒప్పుకోకపోతే కామెంట్‌లో తిట్టండి. ఫాంట్లు, కీబోర్డులు, అక్షరాలు పేర్చే లైబ్రరీలు, వీటి టెస్టింగ్ పాలసీలో ఒక రూల్ ఉండాలి. ఆ భాష చదివే మనిషి ఒక్కరైనా చూసి సరే అనాలి.

"అలా అయితే చదివేవాళ్లు దొరక్క ప్యాకేజీ ఏళ్ల తరబడి ఆగిపోతుంది" అని ఒక మెయింటైనర్ అనొచ్చు. న్యాయమైన మాటే. జీతం లేకుండా చేసేవాడి నెత్తిన ఇంకో రూల్ పెట్టడం తేలిక. ఎక్స్‌జెడ్ కథలో ఒంటరి మనిషి మీద ఒత్తిడి పెడితే ఏమైందో చూశాం. కాబట్టి ఆ ఎదురుచూపుకి గడువుండాలి. 10 రోజులో 14 రోజులో. ఆ లోపు చూసేవాళ్లు రాకపోతే ప్యాకేజీ వెళ్లిపోవాలి. కానీ "ఈ భాషలో ఎవరూ చూడలేదు" అని రాసి వెళ్లాలి. కనీసం మౌనానికి, అంగీకారానికి తేడా తెలుస్తుంది. రూల్ వాళ్లు పెట్టాలి, మనిషిని మనం ఇవ్వాలి.

మీరు చేయగలిగిన పని

చెప్పానుగా, కోడింగ్ అక్కర్లేదు.

మొదటిది, ఫోన్‌లో ఒక నోట్ తయారుచేసుకోండి. దాంట్లో ఓ ఇరవై గట్టి పదాలు. స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్ఞానం, మత్స్యం, వస్త్రం, ధృతరాష్ట్రుడు, సాఫ్ట్‌వేర్, బస్‌స్టాండ్. మీ ఊరి పేరు, మీ ఇంటిపేరు కూడా పెట్టండి. పాలకాయతిప్ప పెట్టండి, ప వత్తు బాగా తెలుస్తుంది. ఇదే మీ తేమ మీటర్.

రెండోది, ప్లే స్టోర్‌లో ఫైర్‌ఫాక్స్ బీటా, నైట్లీ ఉంటాయి. అందరికంటే ముందు వచ్చే వెర్షన్లు. ఒకటి పెట్టుకుని తెలుగు సైట్లు చూడండి. ఆ పదాలన్నీ టైప్ చేయండి, వెతకండి, సెలెక్ట్ చేయండి, ఒక్కో అక్షరం చెరిపి చూడండి. చెరిపేటప్పుడు చాలా బగ్స్ దొరుకుతాయి. బ్యాంక్ యాప్‌లున్న ముఖ్యమైన ఫోన్‌లో బీటాలతో ప్రయోగాలొద్దు, పాత ఫోన్ ఉంటే దాంట్లో చేయండి.

మూడోది, ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు వర్చువల్ మెషీన్‌లో ఫెడోరా వేసుకోండి. ప్రతి రిలీజ్ ముందు వాళ్లు భాషల టెస్ట్ డే పెడతారు. ఏం చూడాలో లిస్ట్ వాళ్లే ఇస్తారు. తెలుగులో చూసి ఫలితం రాస్తే చాలు. ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మినీ ప్రాజెక్ట్ కొనుక్కునే బదులు ఇది చేయండి. రెజ్యూమెలో రాసుకోవచ్చు, ఇంటర్వ్యూలో చూపించొచ్చు, లింక్ ఉంటుంది.

నాలుగోది, బగ్ దొరికితే రిపోర్ట్ ఎలా రాయాలి. ఏ వెర్షనో రాయండి. ఏం చేస్తే వచ్చిందో వరసగా రాయండి. ఏం కనపడాలి, ఏం కనపడింది రాయండి. స్క్రీన్‌షాట్ పెట్టండి, దాంతో పాటు ఆ పదాన్ని టెక్స్ట్‌గా కూడా కాపీ చేసి పెట్టండి. ఇది చాలా ముఖ్యం. కనిపించని గుర్తులు ఫొటోలో రావు. జ్ఞా బగ్‌లో అసలు దొంగ కనిపించని గుర్తే కదా. అవతలి మనిషికి తెలుగు రాదనుకుని రాయండి. "ఈ వత్తు దాని పైనున్న అక్షరం కిందే ఉండాలి, పక్క అక్షరం కిందకి జరిగింది" అని చెప్తే అర్థమవుతుంది. "తెలుగు బాలేదు" అంటే ఎవరికీ ఏమీ తెలీదు.

చివరిగా ఒకటి. అన్నీ బాగున్నా కూడా చెప్పండి. "ఫలానా వెర్షన్ తెలుగులో చూశాను, బాగుంది" అని ఒక్క లైన్. మనకది అనవసరం అనిపిస్తుంది. రాత్రి పదకొండింటికి, ఆఫీస్ పని అయ్యాక, తనకి రాని లిపిలో ఫాంట్‌ని బస్తాకెత్తుతున్న మెయింటైనర్‌కి ఆ లైన్ ఎంత ధైర్యమో ఆలోచించండి. ఎవరో చూస్తున్నారని తెలుస్తుంది.

తమ్ముడు అడిగిన ప్రశ్నకి నా జవాబు ఇదే. కోడ్ సరిగ్గా ఉందో లేదో మెషీన్లు చూస్తాయి, రోజులు చూస్తాయి, మెయింటైనర్ చూస్తాడు. తెలుగు సరిగ్గా ఉందో లేదో మాత్రం నువ్వే చూడాలి తమ్ముడూ. ఇంకెవరూ లేరు అక్కడ.

మీ ఇరవై పదాల లిస్ట్ కామెంట్‌లో పెట్టండి. బాగా ఇబ్బంది పెట్టే పదాలు ఏరి, అందరికీ పనికొచ్చేలా ఒక ఫైల్ చేద్దాం. వచ్చే ఎపిసోడ్‌లో మీరు పంపిన వాటిలోంచి ఒక నిజమైన బగ్ తీసుకుని, మొదటి నుంచి చివరి దాకా రిపోర్ట్ ఎలా రాయాలో స్క్రీన్ మీద చేసి చూపిస్తాను. అప్పటిదాకా ఉంటాను ఫ్రెండ్స్, జాగ్రత్త.